చెక్క నేల, మడత బెంచీలు, మేరీవిల్ చలికాలం

జనవరిలో మేరీవిల్‌కి సాయంత్రం ఐదున్నరకే చీకటి పడిపోతుంది. మిసోరి రాష్ట్రంలో, కాన్సస్ సిటీ నుంచి ఉత్తరంగా 90 మైళ్లు పైకి వెళ్తే వచ్చే చిన్న ఊరది. చుట్టూ కోతలైపోయిన మొక్కజొన్న చేలు, వాటి మీంచి అడ్డూ ఆపూ లేకుండా వచ్చే గాలి. నార్త్‌వెస్ట్ మిసోరి స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసిన తెలుగువాళ్లు ఎందరో. ఆ గాలిని మాత్రం ఎవరూ మర్చిపోయి ఉండరు. మన దగ్గర సంక్రాంతి ముగ్గులు పడే రోజుల్లో అక్కడ రోడ్డు వారన మంచు గడ్డకట్టి నల్లబడి ఉంటుంది. ఊరంతా తలుపులు వేసుకున్న ఆ వేళ ఒక్క చోట మాత్రం చొక్కా చేతులు పైకి మడుచుకునేంత వేడి. అదే బేర్‌క్యాట్ అరీనా.

పేరుకి అరీనా గానీ నిజానికి అది లామ్‌కిన్ భవనంలో యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్లు ఆడే జిమ్. దాదాపు 2,500 మంది పడతారు. టీవీలో కనిపించే పెద్ద యూనివర్సిటీల హాళ్లలో 15 వేలు, 20 వేల మంది కూర్చుంటారు కదా, అక్కడ జనం గోల ఒక్క ముద్దగా వినిపిస్తుంది. ఎవరి గొంతు ఏదో తెలియదు. చిన్న కాలేజీ జిమ్‌లో అలా ఉండదు. ఆరో వరసలో కూర్చున్న ముసలాయన రిఫరీని ఏమన్నాడో రిఫరీకి వినిపిస్తుంది, ఆటగాడికి వినిపిస్తుంది, ఎదురు గోడ దగ్గర కూర్చున్నవాళ్లకీ వినిపిస్తుంది. బూటు అడుగు చెక్క మీద కీచుమనడం, వెనక నుంచి అడ్డం వస్తున్నాడని గార్డుని, అంటే బంతి నడిపించేవాణ్ణి, సాటివాడు 'లెఫ్ట్, లెఫ్ట్' అని హెచ్చరించడం, కోచ్ ఆటకి పెట్టుకున్న గుర్తు పేరు అరవడం, అన్నీ చెవిన పడతాయి. చిన్న కాలేజీ బాస్కెట్‌బాల్‌ని ఇష్టపడినవాళ్లు మొదట ఇష్టపడింది ఈ వినికిడినే అనిపిస్తుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా దీన్ని బట్టే తేలుతుంది. మొదటి వరస బాగుంటుందని కొత్తవాళ్లు ముందు అక్కడికే పరిగెడతారు. అక్కడ కూర్చుంటే ఆటగాళ్ల వీపులూ రిఫరీ నడుమూ తప్ప ఏమీ కనపడవు, అవతలి సగంలో ఏం జరుగుతోందో అర్థం కాదు. బాగా పైకెళ్తే మాటలు వినపడవు. రెండు జట్ల బెంచీలకి ఎదురుగా, మధ్య గీతకి కాస్త పక్కగా, నాలుగు నుంచి ఏడో వరస మధ్య చోటు దొరికితే ఇక కదలక్కర్లేదు. బంతి ఉన్నవాడి కోసం పొడుగాటివాడు వచ్చి అడ్డం నిలబడే తీరు, కోచ్ చెయ్యి ఊపడం, ఆ చెయ్యి చూసి ఐదుగురూ కదలడం, అన్నీ ఒకే చూపులో పడతాయి.

బెంచీల సంగతీ చెప్పాలి. ఇలాంటి జిమ్‌లలో చాలావాటికి గోడలోంచి బయటికి లాగే మడత బెంచీలు ఉంటాయి. ఆట లేనప్పుడు అవి గోడకి అతుక్కుని బీరువాలా నిలబడతాయి, ఆ చోట పిల్లలు వాలీబాల్ ఆడుకుంటారు. ఆట రోజు మోటారు పెట్టి లాగితే ఒక్కో వరసా మెట్టులా బయటికొస్తుంది. మనిషికి 18 అంగుళాల లెక్కన సీట్లు కొలిచి మొత్తం ఇన్ని వేలు అని రాస్తారు. అయితే ఆ లెక్క వేసవి లెక్క. జనవరిలో ఒక్కొక్కరూ ఉబ్బెత్తు కోటుతో వస్తే 18 అంగుళాలు ఏ మూలకీ చాలవు. అందుకే నిండిన జిమ్ అనుకున్న రోజున కూడా లెక్కలో ఉన్నన్ని శరీరాలు అక్కడ పట్టవు. కోటు విప్పి మడిచి కింద వేసుకుని కూర్చోవడమే మార్గం, రెండు గంటలు ఆ గట్టి పలక మీద కూర్చోవాలంటే నడుముకీ అదే మంచిది. ఇంకో సంగతి, ఆ బెంచీల కింద అంతా బోలు. ఇనుప చట్రం, పైన పలకలు, కింద ఖాళీ. రెండొందల మంది ఒకేసారి కాళ్లతో తొక్కితే డప్పు మోగినట్టు మోగుతుంది. సిమెంటు గ్యాలరీలున్న పెద్ద స్టేడియంలో ఎంత తొక్కినా ఆ మోత రాదు. కొత్తగా కట్టే హాళ్లలో ఒక్కొక్కరికీ వీపు ఆనే కుర్చీ వేస్తున్నారు. వీపుకి హాయే గానీ ఆ డప్పు మాత్రం పోయింది.

మేరీవిల్ జట్టు ఆడే లీగ్ పేరు ఎంఐఏఏ. ఆ లీగ్‌లో ఒకే రోజు ఒకే నేల మీద రెండు ఆటలుంటాయి. ముందు అమ్మాయిలది, తర్వాత అబ్బాయిలది. మామూలు రోజైతే ఐదున్నరకీ ఏడున్నరకీ, శనివారమైతే మధ్యాహ్నం ఒకటిన్నరకీ మూడున్నరకీ. అబ్బాయిల ఆటే చూద్దామని ఏడుంపావుకి వచ్చేవాళ్లకి దొరికేది మూల సీట్లు. అమ్మాయిల ఆట సగం విరామానికల్లా లోపలుంటే, ఆ ఆట అయ్యాక వాళ్ల తల్లిదండ్రులు లేచే చోటు పట్టుకోవచ్చు. అదీగాక అమ్మాయిల ఆట నాలుగు పది నిమిషాల క్వార్టర్లు, అబ్బాయిలది రెండు ఇరవై నిమిషాల సగాలు. ఒకటి చూసి రెండోది చూస్తే ఫౌళ్ల లెక్క ఎందుకు వేరుగా ఉందో దానంతటదే బోధపడుతుంది.

తిండి దగ్గర మనవాళ్లు మొదట తికమకపడేవారు. పాప్‌కార్న్, నాచోస్, హాట్ డాగ్, ఇవి ఎక్కడైనా ఉండేవే. ఆ ప్రాంతపు అసలు సరుకు మాత్రం 'వాకింగ్ టాకో'. చిన్న మొక్కజొన్న చిప్స్ ప్యాకెట్‌ని పక్క నుంచి కోసి, అందులోనే వేడి మాంసం కూర, చీజ్ తురుము, కాస్త సాల్సా వేసి, ప్లాస్టిక్ చెంచా గుచ్చి ఇస్తారు. ప్యాకెట్టే పళ్లెం. మాంసం తిననివాళ్లు బీన్స్ వేయమంటే ఉన్న రోజు వేస్తారు, లేకపోతే చీజూ సాల్సాతోనే సరిపెట్టుకోవాలి. రెండు నిమిషాల్లో తినేయాలి. ఆలస్యమైతే చిప్స్ మెత్తబడి అటుకుల ఉప్మాకీ దానికీ తేడా ఉండదు. విరామం 15 నిమిషాలే గనక గంట మోగకముందే, సగం ఆట ఇంకా నిమిషం ఉండగానే లేచి వెళ్లడం అక్కడి పాతకాపుల పద్ధతి.

ఇక ఆటలో జనం చేసే పని. ఊరికే అరవడం కాదు, ఎప్పుడు అరవాలో ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియడం. అబ్బాయిల కాలేజీ ఆటలో ఒక సగంలో ఒక జట్టు ఏడో ఫౌల్ చేసిందంటే అవతలి జట్టుకి 'వన్ అండ్ వన్' వస్తుంది. ఫ్రీ త్రో అంటే ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్. మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది. మొదటిది తప్పితే బంతి ఆటలోనే ఉంటుంది, ఎవరు పట్టుకుంటే వాళ్లది. పదో ఫౌల్ నుంచి ఎటూ రెండు ఫ్రీ త్రోలు ఇస్తారు. అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిదో ఫౌళ్ల దగ్గరే జనం గోలకి విలువ ఎక్కువ. తెలిసిన జనం స్కోరుబోర్డు మీద ఫౌళ్ల అంకె ఏడుకి వచ్చిందో లేదో చూసి మరీ గొంతు దాచుకుంటారు. రెండు ఫ్రీ త్రోలున్నప్పుడు మొదటిదానికే గొంతు చించుకుంటే రెండోదానికి ఊపిరి ఉండదు. సొంత ఆటగాడు గీత దగ్గర నిలబడితే మాత్రం చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. కొందరు చేతులు పైకెత్తి వేళ్లు ఆడిస్తూ నిలబడతారు, బంతి పడగానే చేతులు కిందికి దించుతారు. 2,500 మంది ఉన్న చోట ఆ నిశ్శబ్దంలో బంతిని మూడుసార్లు నేలకి కొట్టిన చప్పుడు విని తీరాలి.

విద్యార్థుల మూల నుంచి ఇంకో పాత ఎత్తు ఉండేది. అవతలి జట్టు చేతిలో బంతి ఉన్నప్పుడు గడియారంలో ఇంకా ఎనిమిది సెకన్లుండగానే 'ఐదు, నాలుగు, మూడు' అని గట్టిగా లెక్కపెట్టడం. 30 సెకన్లలో షాట్ వేయకపోతే బంతి పోతుంది గనక కంగారుపడి ఏదో ఒకటి విసిరేస్తాడని ఆశ. కొత్త కుర్రాళ్ల మీద పనిచేస్తుంది, నాలుగో ఏడాది గార్డు మీద పనిచేయదు. వాడు కళ్లెత్తి గడియారం చూసుకుంటాడు. పైగా అందరూ ఒకే అంకె దగ్గర మొదలుపెట్టకపోతే అంతా కలగాపులగమై నవ్వులాట అవుతుంది. ముందు వరసలో ఒకడు చెయ్యెత్తి మొదలుపెట్టాలి, మిగిలినవాళ్లు వాణ్ణే చూడాలి.

బ్యాండు కూడా ఇష్టం వచ్చినట్టు వాయించడానికి లేదు. బంతి ఆటలో ఉండగా వాద్యాలూ మైకులో పాటలూ నిషేధం. టైమ్ అవుట్‌లోనూ విరామంలోనూ మాత్రమే. అందుకే చిన్న కాలేజీ బ్యాండుకి ముప్ఫై సెకన్లలో మొదలై ముప్ఫై సెకన్లలో ఆగే ముక్కలు కావాలి. డ్రమ్ములవాడు రిఫరీ చెయ్యిమీంచి కన్ను తిప్పకూడదు. విజిల్ మోగిన తర్వాత ఒక్క దెబ్బ పడినా పక్కవాళ్లందరూ వాడివైపు చూస్తారు.

ఇన్నిటికీ అర్థం ఉండాలంటే నేల మీద ఆడే కుర్రాళ్లలో సరుకుండాలి. మేరీవిల్‌కి ఆ అదృష్టం రెండుసార్లు పట్టింది. మొదటిది చాలా పాతది. హెన్రీ ఐబా అనే కుర్ర కోచ్ 1929లో ఆ కాలేజీకి వచ్చి మొదటి సీజన్‌లోనే 31 ఆటలకి 31 గెలిపించాడు. తర్వాత ఓక్లహామా వెళ్లి 1945, 1946లో వరసగా ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల జాతీయ సంఘం) టైటిళ్లు కొట్టాడు, మూడు ఒలింపిక్స్‌లో అమెరికా జట్టుకి కోచ్ అయ్యాడు. రెండోది మనవాళ్లు కళ్లారా చూసిన కాలం. బెన్ మెకాలమ్ అదే కాలేజీలో ఆడి, 2009లో అదే జట్టుకి కోచ్‌గా వచ్చాడు. మొదటి రెండు సీజన్లూ గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. అయినా ఓపిక పట్టారు. 2017లో మొదటి డివిజన్ 2 జాతీయ టైటిల్ (టీవీలో కనిపించే పెద్ద యూనివర్సిటీలది డివిజన్ 1, దాని కింది అంచె ఇది). 2018-19లో 38 ఆటలు, 38 గెలుపులు, ఆఖరి రోజు పాయింట్ లోమా జట్టు మీద 64-58. మరుసటి ఏడాది 31 గెలిచి ఒక్కటే ఓడి టోర్నీకి సిద్ధమవుతుంటే కోవిడ్ వచ్చి టోర్నీయే రద్దయింది. 2021లో వెస్ట్ టెక్సస్ ఏ అండ్ ఎం మీద 80-54, 2022లో ఆగస్టా మీద 67-58. ఆరేళ్లలో నాలుగు.

వాళ్ల ఆట చూడ్డానికి ఓపిక కావాలి. బంతి తెచ్చి, పొడుగాటివాడు వచ్చి అడ్డం నిలబడి, గార్డు వాడి భుజం రాసుకుంటూ తిరిగి, దారి లేకపోతే బంతి వెనక్కి ఇచ్చి, మళ్లీ మొదటి నుంచి. 30 సెకన్లలో 25 ఇలాగే గడిచిపోయేవి. అవతలివాడు ఒక్క అడుగు తప్పుగా వేసే దాకా ఆగడం. ఐదారుగురే దాదాపు ఆట మొత్తం ఆడేవారు. జస్టిన్ పిట్స్, తర్వాత ట్రెవర్ హడ్జిన్స్, ఇద్దరూ ఎత్తు తక్కువ గార్డులే, ఇద్దరూ డివిజన్ 2లో ఆ ఏటి మేటి ఆటగాళ్లుగా నిలిచారు. హడ్జిన్స్ తర్వాత హ్యూస్టన్ రాకెట్స్ తరఫున ఎన్‌బీఏలోనూ ఆడాడు. డియేగో బెర్నార్డ్ అయితే 45 మైళ్ల దూరంలోని సెయింట్ జోసెఫ్ కుర్రాడు. అవతలివాడి చేతిలోంచి బంతి లాక్కోవడమే వాడి వృత్తి అన్నట్టుండేది. జనం వాడి పేరు అరిచేది వాడు బుట్టలో వేసినప్పుడు కాదు, అవతలి గార్డు బంతిని గుండెలకి హత్తుకుని వెనక్కి తిరిగినప్పుడు.

ఇంటి నేలకి ఇంత విలువ ఎందుకో మార్చిలో తెలుస్తుంది. డివిజన్ 2 టోర్నీకి 64 జట్లు. వాటిని ఎనిమిది ప్రాంతాలుగా విడగొడతారు, ఒక్కో ప్రాంతంలో ఎనిమిది. ఆ ఎనిమిదింటిలో మొదటి ర్యాంకు జట్టు జిమ్‌లోనే సాధారణంగా ప్రాంతీయ పోటీ మొత్తం జరుగుతుంది, శనివారం, ఆదివారం, మంగళవారం. మూడూ గెలిస్తే జాతీయ స్థాయి ఎనిమిదిలోకి. అంటే నవంబర్‌లో, డిసెంబర్‌లో ఎవరూ పట్టించుకోని ఆట ఓడితే ర్యాంకు ఒకటి దిగి, మార్చిలో 2,500 మంది సొంత జనాన్ని వదులుకుని వేరే ఊరి బెంచీల మోతలో ఆడాల్సి రావచ్చు. ఆ రోజుల్లో ఒక జాగ్రత్త, సీజన్ మొత్తం చూపించిన కార్డు అప్పుడు పనికొస్తుందనుకోకూడదు. ఎన్‌సీఏఏ టోర్నీ టికెట్టు వేరుగా అమ్ముతారు, అమ్మకం మొదలైన రోజే తీసుకోవాలి.

మేరీవిల్ ఆటకి అచ్చం వ్యతిరేకం పక్క రాష్ట్రం ఐయోవాలోనే ఉంది. గ్రిన్నెల్ కాలేజీ డివిజన్ 3. ఆ స్థాయిలో ఆటకంటూ స్కాలర్‌షిప్పులే ఉండవు. 1989లో వచ్చిన కోచ్ డేవిడ్ ఆర్సెనో అక్కడ వేరే లెక్క పెట్టాడు. ఆటకి 94 షాట్లు వేయాలి, అందులో సగం మూడు పాయింట్లవి, అవతలి జట్టు చేత 32 సార్లు బంతి పోగొట్టించాలి. ఇందుకోసం నిమిషానికోసారి ఐదుగురినీ తీసేసి కొత్త ఐదుగురిని దించుతారు, హాకీలో లాగా. 2012 నవంబర్ 20న జాక్ టేలర్ అనే కుర్రాడు ఒక్కడే 138 పాయింట్లు కొట్టింది ఈ పద్ధతిలోనే. 108 షాట్లు వేశాడు, 52 పడ్డాయి. ఆ రోజు స్కోరు 179-104. అవతలివాళ్లలో కూడా ఒకడు 70 కొట్టాడు. మేరీవిల్ ఆటకి అలవాటుపడ్డ కళ్లకి ఇది బాస్కెట్‌బాలేనా అనిపిస్తుంది. అయితే పదిహేను మందికి పైగా కుర్రాళ్లు, ప్రతి ఒక్కరూ ప్రతి ఆటలో నేల మీద అడుగు పెట్టే కాలేజీలు ఎన్ని ఉంటాయి? వాళ్ల తల్లిదండ్రులు అన్ని మైళ్లు నడిపి వచ్చేది ఊరికే కాదు.

జనం తామే ఆటైపోయే రాత్రి ఒకటుంది, ఇండియానాలో అప్‌లాండ్ అనే ఊళ్లో. టేలర్ యూనివర్సిటీవాళ్లు డిసెంబర్‌లో, పరీక్షల ముందు శుక్రవారం జరిపే ఆట. 'సైలెంట్ నైట్' అంటారు, 1980ల చివర్లో మొదలైంది. విద్యార్థులు చిత్రమైన వేషాలు వేసుకుని వచ్చి, బంతి పైకి ఎగరేసిన క్షణం నుంచి ఒక్క మాట మాట్లాడరు. తమ జట్టు పదో పాయింటు వేసే దాకా అంతే. చప్పట్లు లేవు, ఈల లేదు. ఐదు, ఏడు, ఎనిమిది అని స్కోరు ఎక్కుతుంటే బెంచీల మీద అందరూ మెల్లగా లేచి నిలబడతారు. పదోది పడగానే పైకప్పు లేచిపోతుంది. చెప్పడానికి తేలిక. చిక్కంతా నేల మీద ఉన్నవాళ్లకి. ఆ నిశ్శబ్దంలో గార్డు చెప్పే గుర్తు అవతలి జట్టుకి స్పష్టంగా వినిపిస్తుంది గనక చేతి సైగల్లోకి మారాలి. షాట్లు పడకపోతే నిమిషాలు గడిచిపోతాయి, ప్రతి తప్పిన బంతీ రింగుకి తగిలిన చప్పుడు రెట్టింపుగా వినిపిస్తుంది. తొమ్మిది దగ్గర ఆగి ఫ్రీ త్రో వచ్చిందనుకోండి, ఆ గీత మీద నిలబడ్డ కుర్రాడి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో ఊహించుకోవచ్చు. ఆట చివర్లో అందరూ భుజాల మీద చేతులేసుకుని ఆ పేరుగల క్రిస్మస్ పాటే పాడతారు.

ఆర్కాన్సాలో సైలోమ్ స్ప్రింగ్స్‌లో జాన్ బ్రౌన్ యూనివర్సిటీవాళ్లది ఇంకో తరహా. సీజన్‌లో మొదటి ఇంటి ఆటలో తమ మొదటి బుట్ట పడగానే వేల కొద్దీ టాయిలెట్ పేపర్ చుట్టలు నేల మీదికి ఎగిరేవి. ఆటకి అడ్డం వచ్చినందుకు రిఫరీ టెక్నికల్ ఫౌల్ ఇచ్చేవాడు, అవతలివాళ్లు ఫ్రీ త్రోలు వేసేవారు. అది ముందే తెలిసిన ఖర్చు. చుట్టని అలాగే బంతిలా విసిరితే ఎవరికైనా తగులుతుంది, చూడ్డానికీ బాగుండదు. కొస రెండు మూడు అడుగులు విప్పి, దాన్ని పట్టుకోకుండా చుట్టనే పైకి ఎత్తుగా విసరాలి, అప్పుడు తోరణంలా విచ్చుకుంటూ వస్తుంది. తర్వాత నేల శుభ్రం చేసేదీ విసిరినవాళ్లే. చిన్న ముక్క మిగిలినా బూటు జారుతుంది.

వైరం చూడాలంటే మాత్రం మిషిగన్ వెళ్లాలి. హాలండ్‌లో హోప్ కాలేజీ, 30 మైళ్ల అవతల గ్రాండ్ రాపిడ్స్‌లో కాల్విన్. రెండూ డచ్చి వలస కుటుంబాల రిఫార్మ్డ్ చర్చిలవే, ఒక చర్చి చీలి రెండైన శాఖలు. అన్నదమ్ముల వాటాల తగాదా లాంటిదే అనుకోండి. ఒకే ఇంట్లో తండ్రి నారింజ రంగు చొక్కా, కొడుకు మెరూన్ చొక్కా. 1997 జనవరిలో ఈ రెండు జట్ల ఆటని గ్రాండ్ రాపిడ్స్‌లోని వాన్ ఆండెల్ అరీనాలో పెడితే 11,442 మంది వచ్చారు. స్కాలర్‌షిప్పు రూపాయి లేని కుర్రాళ్ల ఆటకి! అలాగని ఆ ఆట గొప్ప గుర్తులన్నీ ఆ పెద్ద హాలులోవి కావు. హోప్‌వాళ్లకి 2005 దాకా ఊరి సివిక్ సెంటరే ఇల్లు, ఇప్పటికీ పాతవాళ్లు దాని ఇరుకు గురించే మాట్లాడతారు.

కాన్సస్ సిటీ మునిసిపల్ ఆడిటోరియంకి ఒక్కసారైనా వెళ్లాలి. మేరీవిల్ వాళ్ల ఎంఐఏఏ లీగ్ టోర్నీ అక్కడే జరిగేది. అదే భవనంలో దశాబ్దాల పాటు చిన్న కాలేజీల వేరే సంఘం ఎన్ఏఐఏ టోర్నీ జరిగింది, వారం రోజుల్లో 32 జట్లు, పొద్దున మొదలై అర్ధరాత్రి దాకా ఆటలు. నల్లజాతి ఆటగాళ్లు ఆడకూడదన్న నిబంధన ఉందని 1947లో ఇండియానా స్టేట్ కోచ్ జాన్ వుడెన్ ఆహ్వానం వద్దన్నాడు. 1948లో ఆ నిబంధన తీసేశాక ఆ జట్టు కుర్రాడు క్లారెన్స్ వాకర్ అక్కడ ఆడాడు. ఆ తర్వాత కొన్నేళ్లకి జాన్ మెక్‌లెండన్ కోచ్‌గా టెనెసీ ఏ అండ్ ఐ జట్టు 1957, 58, 59లో వరసగా మూడు గెలిచింది. ఆ నేల మీద నిలబడితే ఇదంతా గుర్తుకు రావాలి.

స్కోరు రాసుకునే అలవాటున్నవాళ్లు ఇప్పటికీ ఆ జిమ్‌లలో కనిపిస్తారు. గళ్ల నోటు పుస్తకంలో ఎడమ వైపు నంబరూ పేరూ, పక్కన ఐదు గళ్లు ఫౌళ్లకి, ఆ పక్క ప్రతి బుట్టకీ 2 లేదా 3, ఫ్రీ త్రోకి సున్నా చుట్టి పడితే నింపడం. కింద ఒక పొడుగు వరసలో జట్టు స్కోరు ఒక్కో అంకే కొట్టేస్తూ పోవాలి. ఎక్కడ తప్పుతుందంటే ఇద్దరు చేతులు కలిపి బంతి పట్టినప్పుడు. ఫౌల్ ఎవరిదో విజిల్ వినగానే రాసేయకుండా రిఫరీ స్కోరర్ బల్ల వైపు తిరిగి వేళ్లు చూపించే దాకా ఆగాలి. ఆ వేళ్ల వల్లే కాలేజీ జెర్సీల మీద చాలా ఏళ్లు 6, 7, 8, 9 అంకెలు ఉండేవి కావు, ఒక చేతికి ఐదే వేళ్లు కదా. 2023-24 నుంచి ఏ నంబరైనా వేసుకోవచ్చన్నారు. ఫొటోలో 77 నంబరు కనపడితే అది కాలేజీ ఆట కాదని చెప్పేసే రోజులు పోయాయి.

ఊరు విడిచి వచ్చేసినవాళ్లకి ఇప్పుడు లైవ్ వీడియో ఉంది. చలికాలంలో మేరీవిల్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా. అక్కడ రాత్రి ఏడున్నర ఆట హైదరాబాద్‌లో, విజయవాడలో తెల్లారి ఏడింటికి, కాఫీ వేళకి సరిగ్గా. వీడియోతో పాటు లైవ్ స్టాట్స్ పేజీ తెరిచి పెట్టుకోకూడదు. అంకెలు ముందొచ్చి బొమ్మ అర నిమిషం ఆలస్యంగా వస్తుంది, ఫ్రీ త్రో పడిందో లేదో ముందే తెలిసిపోతుంది. చిన్న కాలేజీలలో సాధారణంగా ఒకటో రెండో కెమెరాలే, నడిపేది విద్యార్థులే. బంతి కన్నా వెనక వస్తుంటే చూసేవాళ్లే సర్దుకోవాలి.

వీడియోలో దొరకనిది ఒకటుంది, కుర్రాళ్లతో పరిచయం. ఇలాంటి జిమ్‌లో జనం ప్రేమ అంతా ఏళ్లతో వచ్చింది. మొదటి ఏడాది బెంచీ చివర కూర్చుని తువ్వాలు ఊపినవాడు, రెండో ఏడాది నాలుగు నిమిషాలు ఆడి రెండు ఫౌళ్లు చేసినవాడు, మూడో ఏడాది మెల్లగా నిలదొక్కుకున్నవాడు, నాలుగో ఏడాది చివరి షాట్ వాడిదే. వాణ్ణి కిరాణా కొట్టులోనూ చూశారు, క్లాసులోనూ చూశారు. 2018లో కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, ఆ తర్వాత కాలేజీ మారినా ఒక ఏడాది ఆడకుండా కూర్చోనక్కర్లేదన్నారు. ఇప్పుడు బాగా ఆడినవాణ్ణి పెద్ద కాలేజీ రెండో ఏడాదికే పిలుస్తుంది. కుర్రాడికి మంచిదే, వాడి చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, వద్దనడానికి ఎవరికీ హక్కు లేదు. 2024లో మెకాలమ్ డ్రేక్ యూనివర్సిటీకి వెళ్తే మేరీవిల్ నుంచి నలుగురు ఆటగాళ్లు వెంట వెళ్లారు. బెనెట్ స్టర్ట్స్ అక్కడ మొదటి ఏడాదే ఆ లీగ్‌లో మేటి ఆటగాడయ్యాడు. 2025 మార్చిలో ఆ డ్రేక్ జట్టు మిసోరి యూనివర్సిటీని 67-57తో ఓడించింది. టీవీలో చూస్తే అదే ఓపిక, అదే గార్డు భుజం రాసుకుంటూ తిరగడం, మేరీవిల్ ఆటే. చొక్కా రంగు ఒక్కటే ఆకుపచ్చ కాదు. సంతోషంగానూ ఉంది, ఏదో ఇంట్లోంచి సామాను బయటికి మోసుకెళ్తుంటే చూస్తున్నట్టుగానూ ఉంది.

అందుకే ఇప్పుడు అక్టోబర్‌లోనే జట్టు జాబితా తెరిచి చదువుకోవాలి. పేరు, ఎత్తు, ఏడాది, ఊరు, ఇంతకుముందు చదివిన చోటు. ఊరు గడిలో 100 మైళ్ల లోపు పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ ఇళ్ల నుంచి తల్లిదండ్రులు, తాతలు, హైస్కూలు కోచ్ ప్రతి ఇంటి ఆటకీ వస్తారు. జట్టు బెంచీ వెనక మూడు వరసలు వాళ్లవే, అక్కడ కూర్చోకూడదని ఎవరూ బోర్డు పెట్టరు గానీ కూర్చోకూడదు.

ఫిబ్రవరి చివర ఆఖరి ఇంటి ఆటకి సీనియర్ల వేడుక ఉంటుంది. చదువు పూర్తవుతున్న కుర్రాళ్లని ఒక్కొక్కరినీ తల్లిదండ్రులతో మధ్య గీత దగ్గరికి పిలుస్తారు. ఊరి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, చదివిన సబ్జెక్టు మైకులో చదువుతారు. తల్లికి పూలు, కుర్రాడికి ఫ్రేము కట్టిన జెర్సీ. ఒక్క ఏడాదే ఆడినవాడికీ అవే పూలు, అదే జెర్సీ, చప్పట్లూ బాగానే పడతాయి. నాలుగేళ్లు, ఐదేళ్లు ఉన్నవాడి పేరు చదవగానే మాత్రం పైవరసలో కర్ర పట్టుకుని కూర్చునే ముసలివాళ్లు కూడా లేస్తారు, బెంచీల కింద ఆ డప్పు మొదలవుతుంది, మైకులో తర్వాతి పేరు చదవబోయినాయన కాసేపు ఆగాల్సి వస్తుంది. ఇదంతా ఆట మొదలవక ముందు, వార్మప్ గడియారం నడుస్తుండగానే అయిపోతుంది. ఆ రోజు అరగంట ముందే లోపలుండాలి.